ఇంటి కరెంటు పుట్టుపూర్వోత్తరములు

విదేశమునుండి బంధువులు తెచ్చిన విద్యుత్ పరికరమేదైనను ఇంటికి వచ్చినప్పుడు మొదట కలుగు చిక్కు దాని ప్లగ్గుతోనే. అది మన గోడలోని రంధ్రములలో దూరదు. బజారుకు పోయి కొద్ది రూపాయలు వెచ్చించి ఒక అడాప్టరు తెచ్చుకొనినచో ఆ చిక్కు తీరిపోవును. అసలు ప్రమాదము మొదలగునది అప్పుడే. ఏలయన అడాప్టరు మార్చునది ప్లగ్గు ఆకారమును మాత్రమే. తీగలలోని విద్యుత్తు ఒత్తిడిని, అనగా వోల్టేజిని, అది రవ్వంతయు మార్చదు. అమెరికాలో 120 వోల్టులపై పనిచేయుటకు తయారైన వస్తువును మన 230 వోల్టుల కరెంటునకు తగిలించినచో క్షణములో మాడిపోవచ్చును. ఒక్కొక్కప్పుడు ఇంటికే నిప్పంటుకొనవచ్చును.

ఒకే భూగోళముపై, ఒకే ప్రకృతి ధర్మమునకు లోబడిన విద్యుత్తునకు ఇన్ని రకములు ఎందులకు ఏర్పడినవి? ఈ ప్రశ్నకు సమాధానము భౌతికశాస్త్రములో కొంతయు, చరిత్రలో చాలయు దొరకును. ఒక నగరమున మొట్టమొదటి దీపములను వెలిగించిన నాడు ఇంజనీర్లు తమ అవసరమునుబట్టి ఎంచుకొనిన అంకె, నూరేండ్లు దాటిన పిమ్మటను ఆ దేశపు గోడలలో నిలిచియున్నది. ఆ కథ తెలిసినచో పరికరము వెనుక అతికించిన చిన్న రేకుపై గల అంకెలకు అర్థము బోధపడును. ఆ రేకును చదువుట అలవాటైనచో ప్రమాదములు చాలవరకు తప్పును.

నేటి ప్రపంచమును ఈ విషయమున స్థూలముగా రెండు కుటుంబములుగా విభజింపవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములు, కెనడా, మరికొన్ని అమెరికా ఖండపు దేశములు ఒక కుటుంబము. అచ్చట ఇండ్లలోని గోడ ప్లగ్గులకు వచ్చునది సుమారు 120 వోల్టుల కరెంటు; అది సెకండునకు 60 సైకిళ్ల చొప్పున దిశ మార్చుకొనుచుండును. సైకిలు అను మాటకు బదులు ఇప్పుడు హెర్ట్జ్ అని వ్రాయుచున్నారు, భావము ఒక్కటే. ఐరోపా, ఆస్ట్రేలియా, ఆఫ్రికాలోను ఆసియాలోను అధికభాగము రెండవ కుటుంబము. ఇచ్చట 220 మొదలు 240 వరకు వోల్టులు, 50 సైకిళ్లు. మన దేశము 230 వోల్టులతో ఈ కుటుంబమునకు చెందినదే. జపాను ఈ రెంటిలో దేనికిని చెందక 100 వోల్టులతో తన దారిని తాను నిలిచినది.

మొదటి కుటుంబపు కథ 1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన ఆరంభమైనది. ఆనాడు న్యూయార్కు నగరమున పెర్ల్ వీధిలో థామస్ ఆల్వా ఎడిసన్ నెలకొల్పిన విద్యుత్ కేంద్రము పనిచేయ మొదలిడెను. అందలి డైనమోలు ఒక్కొక్కటి సుమారు 27 టన్నుల బరువు గలవి. ఆ రోజులలో పేరు మోసిన ఒక ఏనుగు పేరు పెట్టి వాటిని జంబోలని పిలిచిరి. అవి ఉత్పత్తి చేసినది ఎల్లప్పుడును ఒకే దిశలో ప్రవహించు డి.సి. కరెంటు, దాని ఒత్తిడి సుమారు 110 వోల్టులు.

ఈ 110 అను అంకె ఎట్లు వచ్చినది? నాటి దీపములో వెలుగునిచ్చినది సన్నని బొగ్గు తంతువు. వోల్టేజి మరీ తక్కువైనచో, అంతే వెలుగునకు ఎక్కువ కరెంటు పంపవలెను. అందులకు వీథుల క్రింద లావైన రాగి కడ్డీలు పరవవలెను. ఆ రాగి వెలలో కంపెనీ మునిగిపోవును. వోల్టేజి మరీ ఎక్కువైనచో, దానికి తాళగల తంతువును మరింత సన్నగా, పొడవుగా చేయవలెను; అట్టి బొగ్గు తంతువు ఎక్కువ కాలము మన్నదు. ఈ రెండు కష్టముల నడుమ కుదిరిన రాజీయే సుమారు 100 వోల్టుల దీపము. కేంద్రమునుండి ఇంటికి వచ్చుదారిలో తీగలు కొంత వోల్టేజిని మ్రింగును గనుక ఉత్పత్తి స్థానమున మరికొంత చేర్చిరి. ఆనాటి బొగ్గు తంతువు ఎన్నడో మ్యూజియము చేరినది. దానికొరకు ఎంచుకొనిన అంకె మాత్రము కొద్ది మార్పుతో నేటికిని అమెరికా ఇండ్లలో ప్రవహించుచునేయున్నది.

రాగి ఖర్చు ఎడిసన్‌ను అంతటితో విడువలేదు. 1883లో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి సన్‌బరీ పట్టణమున ఆయన మూడు తీగల పద్ధతిని అమలుపరచెను. నడిమి తీగకును ఇరుప్రక్కల తీగలలో ఒక్కొక్కదానికిని నడుమ 110 వోల్టులు; రెండు చివరి తీగల నడుమ 220 వోల్టులు. ఈ ఉపాయముచే అంతే వెలుగునకు సగముకంటె తక్కువ రాగి సరిపోయెను. ఈ ఏర్పాటు నేటికిని మాసిపోలేదు. ఇప్పటి అమెరికా ఇంటికి వచ్చునవి మూడు తీగలే. గోడ ప్లగ్గులకు 120 వోల్టులు, విద్యుత్ పొయ్యి, బట్టలారబెట్టు యంత్రము వంటి పెద్ద వస్తువులకు 240 వోల్టులు. అమెరికాలో 240 వోల్టులు లేవనుకొనుట పొరపాటు. మామూలు ప్లగ్గులో లేవనుటయే సరి.

ఇక రెండవ కుటుంబపు కథకు బెర్లిను పోవలెను. 1899లో ఆ నగరపు విద్యుత్ సంస్థ తన సరఫరాను రెట్టింపు చేసి 220 వోల్టులకు మార్చ నిశ్చయించెను. లెక్క సులభమైనది. వోల్టేజి రెండింతలైనచో అంతే శక్తికి కరెంటు సగము చాలును. నష్టము పాలు పెరుగకుండగనే నాల్గవ వంతు రాగితో పని జరుగును. అయితే వాడుకదారుల ఇండ్లలోని దీపములు, మోటార్లు పాత వోల్టేజికి తయారైనవి గదా! వాటిని మార్చుటకైన ఖర్చును ఆ సంస్థయే భరించి, రాగిలో మిగిలిన సొమ్ముతో దానిని పూడ్చుకొనెను. ఈ పద్ధతి ముందు జర్మనీలోను, పిదప ఐరోపాలోను వ్యాపించెను.

అమెరికా అట్లేల చేయలేదని పాఠకులు అడుగవచ్చును. అప్పటికే అచ్చట 110 వోల్టుల దీపములు లక్షలకొలది ఇండ్లలోను అంగళ్లలోను వెలుగుచున్నవి. ముందుగా మొదలిడినవానికి లాభమున్నట్లే ఒక బంధనము కూడ కలదు. తాను వేసిన పునాదిని తానే త్రవ్వుకొనుట కష్టము. ఐరోపా దేశములలో కరెంటు చేరిన ఇండ్లు ఇంకను తక్కువగా ఉండుటచే మార్పునకు వీలు చిక్కినది.

ఈలోగా ఇంకొక మార్పు వచ్చెను. 1885లో బుడాపెస్టు నగరపు గాంజ్ కర్మాగారమునకు చెందిన జిపెర్నోవ్‌స్కి, బ్లాతి, డేరి అను మువ్వురు ఇంజనీర్లు పనికి వచ్చు ట్రాన్స్‌ఫార్మరును రూపొందించిరి. 1886లో అమెరికాలో గ్రేట్ బారింగ్టను అను ఊరిలో విలియం స్టాన్లీ ట్రాన్స్‌ఫార్మర్ల సాయముతో వీథి అంగళ్లకు దీపములు వెలిగించెను. ట్రాన్స్‌ఫార్మరు కరెంటు వోల్టేజిని కావలసినంత హెచ్చింపగలదు, తగ్గింపగలదు. అయితే అది ఎ.సి., అనగా దిశ మార్చుకొను కరెంటుతో మాత్రమే పనిచేయును. అందుచే దూరప్రాంతములకు పంపుటకు ఎ.సి.యే తగినదని తేలెను. డి.సి. మెల్లమెల్లగా వెనుకకు తగ్గెను. అయినను న్యూయార్కులో దాని చివరి సరఫరా ఆగినది 2007వ సంవత్సరము నవంబరు 14న. పెర్ల్ వీధి కేంద్రము వెలిగిన 125 ఏండ్లకు గాని ఆ అధ్యాయము ముగియలేదు.

ఎ.సి. వచ్చుటతో వోల్టేజికి తోడు ఇంకొక భేదము పుట్టెను. సెకండునకు ఎన్ని మారులు దిశ మారవలెను? 1890 దశకపు తొలి సంవత్సరములలో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ కంపెనీ 60ని, జర్మనీలోని ఎ.ఇ.జి. కంపెనీ 50ని ఎంచుకొనెను. 1895లో పనిచేయ నారంభించిన నయాగరా జలపాత కేంద్రము 25 సైకిళ్లతో నడిచెను. మోటార్లకు అది అనుకూలమే గాని దీపములు కంటికి తెలియునట్లు రెపరెపలాడెడివి. మన దేశమున 1902లో శివసముద్రమునుండి కోలారు బంగారు గనులకు పంపిన విద్యుత్తు కూడ 25 సైకిళ్లదే.

కంపెనీల ఎంపిక దేశముల భాగ్యమును ఎట్లు నిర్ణయించినదో తెలియుటకు జపానును మించిన ఉదాహరణము లేదు. టోక్యో నగరపు కంపెనీ 1895లో జర్మనీ యంత్రములను తెప్పించెను. అవి 50 సైకిళ్లవి. ఒసాకా నగరపు కంపెనీ అమెరికా యంత్రములను కొనెను. అవి 60 సైకిళ్లవి. ఆ రెండు కొనుగోళ్లు ఒక దేశమును రెండుగా చీల్చినవి. నేటికిని జపాను తూర్పు భాగమున 50, పడమటి భాగమున 60. 2011 మార్చి 11న భూకంపమును ఉప్పెనయు తూర్పు తీరపు విద్యుత్ కేంద్రములను దెబ్బతీసినప్పుడు పడమటి భాగములోని కరెంటును కావలసినంతగా తూర్పునకు పంపుటకు వీలు కాలేదు. రెంటిని కలుపు మార్పిడి కేంద్రముల శక్తి చాల తక్కువ. నూరేండ్లకు పూర్వము వేర్వేరు దుకాణములలో కొనిన యంత్రముల ఫలితము ఆపత్కాలమున కనబడినది.

ఒకే నగరములో సైతము పొందిక లేని కాలము ఒకటి ఉండెను. 1918 నాటికి విశాల లండను ప్రాంతమున కరెంటు సరఫరా చేయు సంస్థలు 70. వాటిలో 10 రకముల సైకిళ్లు, 24 రకముల వోల్టేజీలు. ఒక పేటనుండి మరొక పేటకు కాపురము మార్చినవారు తమ దీపములను, ఇస్త్రీపెట్టెలను అచ్చటనే విడిచి పోవలసి వచ్చెడిది. 1926లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము వలన కేంద్ర విద్యుత్ మండలి ఏర్పడి, దేశమంతటిని 50 సైకిళ్ల గ్రిడ్డుతో కలిపెను. వోల్టేజీల తేడాలు మాత్రము మరికొన్ని ఏండ్లు నిలిచినవి.

పాత వాల్వు రేడియో సెట్లను చూచినవారికి వెనుక అట్టపై ఒక చిన్న అమరిక గుర్తుండును. 110, 125, 145, 220 వంటి అంకెలు వ్రాసి, వాటిలో ఒకదానివద్ద మరయో, చిన్న ప్లగ్గో బిగించుటకు వీలు కల్పించెడివారు. అది అలంకారము కాదు. ఐరోపాలో ఊరికొక వోల్టేజి ఉన్న కాలమున ఒకే సెట్టును అన్ని ఊళ్లలోను అమ్ముటకై చేసిన ఏర్పాటు. ఊరు మారినప్పుడు ఆ మరను మార్చుట మరచినచో సెట్టులోని ట్రాన్స్‌ఫార్మరు మాడెడిది.

మన దేశమునందును ఈ చిక్కులు లేకపోలేదు. 1899లో కలకత్తాలో ఇమాంబాగ్ సందులోని కేంద్రమునుండి సరఫరా ఆరంభమైనప్పుడు వచ్చినది డి.సి. కరెంటే, ఆ నగరపు పాత పేటలలో అది అనేక దశాబ్దములు నిలిచెను. ఎ.సి. కొరకు చేసిన రేడియోను డి.సి.కి తగిలించినచో అందలి ట్రాన్స్‌ఫార్మరు పనిచేయకపోవుటయే గాక వేడెక్కి కాలిపోవును. అందుచేతనే రెంటికిని పనికివచ్చు ఎ.సి./డి.సి. సెట్లు వెలసినవి. వాటిలో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. వాల్వుల తంతువులను దండవలె వరుసగా కూర్చి నేరుగా మెయిన్సునకు కలిపెడివారు. వెల తక్కువ, బరువు తక్కువ. ప్రమాదము మాత్రము ఎక్కువ. మెయిన్సు తీగలలో ఒకటి సెట్టు లోపలి లోహపు చట్రమునకే తగిలియుండును. ప్లగ్గు తలక్రిందుగా పెట్టినచో ఆ చట్రమంతయు సజీవమైన కరెంటే. నాబులను బిగించు మరలు వ్రేళ్లకు తగులకుండ వాటిపై మైనము పూసి మూసెడివారు. అట్టి పాత సెట్టును ఇప్పుడు ముచ్చటపడి కొని బాగుచేయించుకొనువారు ఈ సంగతి మరువరాదు. మైనము రాలిపోయి, వెనుక అట్ట ఊడిపోయిన సెట్టు చేతికి తగులరాని వస్తువు.

1930 దశకములో అమెరికానుండి 110 వోల్టుల చిన్న రేడియోలు 220 వోల్టుల దేశములకు వచ్చినప్పుడు ఇంకొక వింత ఉపాయము వాడుకలోనికి వచ్చెను. సెట్టునకు తగిలించు మెయిన్సు తీగలోనే నిరోధకపు తంతిని చుట్టి, అదనపు వోల్టులను అందులోనే ఖర్చుచేయించెడివారు. లెక్క చూడుడు: మెయిన్సు 230 వోల్టులు, సెట్టునకు కావలసినది 110, మిగిలినది 120, సెట్టు తీసికొను కరెంటు 0.3 ఆంపియరు అనుకొన్నచో, ఆ తీగలో 36 వాట్ల శక్తి వేడిగా మారును. తీగ ఎల్లప్పుడును వెచ్చగా నుండుట దాని స్వభావమే. ఈ రహస్యము తెలియక, తీగ పొడవైనదని కత్తిరించినవారి సెట్లలో వాల్వులు మాడినవి. చూపునకు బాగుండదని చుట్టచుట్టి తివాసీ క్రింద దాచుట మరింత అపాయకరము. వేడి బయటకు పోవు దారి లేక తివాసీయే అంటుకొనగలదు. పరికరమును ఎట్లు పనిచేయునో ఎరుగక దిద్దబూనుట ఎంత ప్రమాదమో తెలుపుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

ప్లగ్గుల కథ వేరొకటి. తొలుత ఇండ్లకు కరెంటు వచ్చినది దీపములకొరకే గనుక గోడలో ప్లగ్గు రంధ్రములే లేవు. ఇస్త్రీపెట్టె గాని పంకా గాని కావలసినచో బల్బు ఊడదీసి, ఆ హోల్డరునకే తగిలించెడివారు. 1904లో అమెరికాలో హార్వే హబ్బెల్ విడదీయుటకు వీలైన ప్లగ్గునకు పేటెంటు పొందెను. బ్రిటనులో 1934లో గుండ్రని కడ్డీల ప్లగ్గులకు ప్రమాణము ఏర్పడెను. నేడు మన గోడలలోనున్న మూడు గుండ్రని రంధ్రములు ఆ వంశమునకు చెందినవే. వింత ఏమనగా, బ్రిటను తానే 1947లో ఆ ప్లగ్గును విడిచి, ఫ్యూజును లోపలనే ఇముడ్చుకొనిన చతురస్రపు కడ్డీల ప్లగ్గునకు మారినది. ఇచ్చినవారు విడిచినను పుచ్చుకొన్న మనము నిలుపుకొంటిమి.

1906లో లండనులో స్థాపితమైన అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము ఈ అరాచకమును చక్కదిద్దుటకు పాటుపడినది. అది 1983లో 230 వోల్టులను ప్రమాణముగా సూచించెను. 220 వాడు ఐరోపా దేశములును, 240 వాడు బ్రిటనును ఆ అంకెకు ఒప్పుకొనినవి. బ్రిటనులో అది 1995 నుండి అమలులోనికి వచ్చినది. అయితే తీగలలో కరెంటు ఆ రాత్రికి రాత్రి మారలేదు. హెచ్చుతగ్గులకు అనుమతించు హద్దులను సవరించి, పాత సరఫరాను క్రొత్త పేరులో ఇముడ్చుకొనిరి. 1986లో ప్రపంచమంతటికి ఒకే ప్లగ్గును ఆ సంఘము ప్రకటించినను దానిని చేపట్టిన దేశములు స్వల్పము. కోట్లకొలది గోడలను పగులగొట్టించు శక్తి ఏ సంఘమునకు కలదు?

ఈ చరిత్ర అంతయు మన వంటింటిలోనికి ఎట్లు వచ్చునో ఇక చూతము. నిరోధము మారనప్పుడు వాడకమగు శక్తి వోల్టేజి వర్గమునుబట్టి పెరుగును. అమెరికానుండి వచ్చిన, 120 వోల్టులకు 1000 వాట్లు తీసికొను ఇస్త్రీపెట్టెను మన 230 వోల్టులకు తగిలించినచో అది రెండు వేల వాట్లు కాదు, సుమారు 3,670 వాట్లు తీసికొన జూచును. వోల్టులు రెట్టింపునకు కొంచెము తక్కువ. వేడి మూడున్నర రెట్లకు పైన. తంతువు తెగుటయో, ఫ్యూజు పోవుటయో, బట్ట అంటుకొనుటయో, ఏది ముందు జరుగునో చెప్పలేము. దీనికి తలక్రిందులుగా, మన 1000 వాట్ల కెటిలును అమెరికాలో 120 వోల్టులకు తగిలించినచో అది సుమారు 270 వాట్లు మాత్రమే తీసికొనును. నీరు గోరువెచ్చనై యుండిపోవును. అచ్చట కెటిలునకు అపాయము లేదు. ఫ్రిజ్జు వంటి మోటారు గల వస్తువునకు మాత్రము కలదు. తిరుగుటకు బలము చాలక మొరాయించి, కదలని మోటారులో తీగచుట్ట వేడెక్కి మాడిపోవును.

దీనికి తగిన సాధనము ట్రాన్స్‌ఫార్మరు. దానిని కొనునప్పుడు చూడవలసిన విషయములు మూడు. మొదటిది, దాని శక్తి. పరికరపు రేకుపై నున్న వాట్లకంటె ట్రాన్స్‌ఫార్మరుపై వ్రాసిన వి.ఎ. అంకె ఎక్కువగా నుండవలెను; మోటార్లు బయలుదేరునప్పుడు మామూలుకంటె ఎన్నో రెట్లు కరెంటు లాగును గనుక వాటికి రెట్టింపైనను ఉండుట మేలు. రెండవది, దాని కూర్పు. రెండు వేరు వేరు చుట్టలున్నది కొంత బరువు, కొంత ఖరీదు. కాని పరికరమును మెయిన్సునుండి వేరుపరచును. ఒకే చుట్టతో చేసిన ఆటో ట్రాన్స్‌ఫార్మరు చౌక. వోల్టేజిని తగ్గించునే గాని మెయిన్సుతో సంబంధమును త్రెంచదు. దానినుండి వచ్చు 120 వోల్టులను ముట్టుకొనినను ఏమగునులే అనుకొనుట పొరపాటు. ఆ తీగకును నేలకును నడుమ 230 వోల్టులుండవచ్చును. మూడవది, దేనికొరకు చేసినదను విషయము. ప్రయాణికులకొరకు అమ్ము తేలికపాటి కన్వర్టర్లు కొన్ని నిజమైన ట్రాన్స్‌ఫార్మర్లు కావు. కరెంటు అలలను ముక్కలుగా కోసి పంపును. జుట్టు ఆరబెట్టు సాధనము వంటి వేడి వస్తువులకు అవి కొంతసేపు పనికివచ్చును. రేడియోలకు, గడియారములకు, వైద్య పరికరములకు వాటిని వాడరాదు.

ట్రాన్స్‌ఫార్మరు చేయలేని పని ఒకటి కలదు. అది సైకిళ్లను మార్చదు. 60 సైకిళ్లనుబట్టి తిరుగు గోడ గడియారము 50 సైకిళ్లపై గంటకు 10 నిమిషములు వెనుకబడును. అట్టి మోటారు గల గ్రామఫోనుపై 78 చుట్లు తిరుగవలసిన రికార్డు 65 చుట్లే తిరుగును. గాయకుని గొంతు బరువెక్కి, రాగము నీరసించును. దక్షిణ కాలిఫోర్నియా ప్రాంతము 1948లో 50 నుండి 60కి మారినప్పుడు అచ్చటి ఇండ్ల విద్యుత్ గడియారములన్నియు ఇదే చిక్కునకు తలక్రిందుగా లోనైనవి. 60 సైకిళ్లకు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మరులు, మోటార్లు 50పై మామూలుకంటె ఎక్కువ వేడెక్కును. మన మిక్సీలోని మోటారు సైకిళ్లపై ఆధారపడినది కాదు గనుక దానికి ఈ బాధ లేదు. దానికి కావలసినది వోల్టేజి మాత్రమే.

నేడు ఈ భారము చాల పరికరములపై తగ్గినదని సంతోషింపవచ్చును. సెల్‌ఫోను చార్జరుపైనను, లాప్‌టాప్ అడాప్టరుపైనను భూతద్దముతో చదువదగినంత సన్నని అక్షరములలో ఇన్‌పుట్ అని వ్రాసి, 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉండును. అట్లున్నచో ప్రపంచములో ఎచ్చటనైనను ప్లగ్గు ఆకారము మార్చుకొని వాడవచ్చును. వాటిలోని ఎలక్ట్రానిక్ ఏర్పాటు వచ్చిన వోల్టేజిని తానే సరిచూచుకొనును. పాత కంప్యూటర్లలో కొన్నింటికి మాత్రము వెనుక 115, 230 అని వ్రాసిన ఎర్రని స్విచ్చి ఉండెడిది. దానిని చేతితో త్రిప్పవలెను. 115 వద్ద నుంచి మన కరెంటునకు తగిలించినచో పెద్ద చప్పుడుతో సరఫరా పెట్టె పాడైపోవును. రేకుపై 120 అని ఒక్క అంకెయే ఉన్నచో అది ఒక్క వోల్టేజికే చేసిన వస్తువని గ్రహింపవలెను.

తెలుగువారి ఇండ్లకు పరికరములు వచ్చు దారులు ముఖ్యముగా మూడు. అమెరికానుండి వచ్చు వంటింటి యంత్రములు, జుట్టు ఆరబెట్టు సాధనములు సాధారణముగా 120 వోల్టులకే పరిమితములు; వాటిపై ఎక్కువ జాగ్రత్త కావలెను. కువైట్‌నుండి వచ్చు వస్తువులు 240 వోల్టులకు, 50 సైకిళ్లకు చేసినవి. మన కరెంటునకు సరిపోవును గాని ప్లగ్గు బ్రిటిషు ఆకారపుది, లోపల ఫ్యూజుతో కూడినది. దానిని కత్తిరించి మామూలు ప్లగ్గు బిగించినచో ఆ ఫ్యూజు రక్షణ పోవును. సౌదీ అరేబియాలో చిరకాలము 127 వోల్టులు, 60 సైకిళ్లు ఉండెను. 2010లో వోల్టేజిని 230కి మార్చ నిర్ణయించి క్రమముగా మార్చుచు వచ్చిరి, సైకిళ్లు మాత్రము 60గనే నిలిచినవి. కావున అచ్చటినుండి వచ్చిన వస్తువు ఏ వోల్టేజిదో రేకు చూడక ఊహింపరాదు. ఇచ్చటినుండి అమెరికాకు మిక్సీ తీసికొనిపోవువారు ఉన్నారు. 750 వాట్ల మిక్సీకి 1500 వి.ఎ. కైనను తగ్గని, వోల్టేజిని పెంచు ట్రాన్స్‌ఫార్మరు కావలెను. దాని బరువును వెలను లెక్కించి చూచినచో, 120 వోల్టులకే చేసిన మిక్సీని కొనుట తేలికని పెక్కురకు తోచును.

మూడవ కడ్డీని గూర్చి ఒక మాట. మూడు కడ్డీల ప్లగ్గులో పెద్ద కడ్డీ ఎర్తుది; పరికరపు లోహపు భాగమునకు కరెంటు తగిలినచో దానిని నేలకు దింపి ప్రాణమును కాపాడునది అదియే. కొన్ని చౌక అడాప్టర్లు మూడు కడ్డీలను తీసికొని రెంటినే గోడకు అందించును. వస్తువు పనిచేయును, రక్షణ మాత్రము తెగిపోవును. ఇస్త్రీపెట్టె, కెటిలు, రైసు కుక్కరు, వాషింగ్ మెషీను వంటి లోహపు వస్తువులను అట్టి అడాప్టరుతో వాడుట ఎన్నడును తగదు. గోడలోని ఎర్తు నిజముగా నేలకు కలిసియున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించుకొనుట అడాప్టరు కొనుటకంటె ముందు చేయవలసిన పని.

బెర్లినులో 1899లో వోల్టేజి మారినప్పుడు ఖర్చు భరించినది కరెంటు సంస్థ. ఆ తరువాత దేశదేశముల నడుమ మనుష్యులును వస్తువులును విరివిగా తిరుగ నారంభించిన పిమ్మట, ఆ భేదములను సరిపుచ్చు బాధ్యత కొనినవానిపై, అనగా గృహస్థునిపై పడినది. ఎడిసన్ బొగ్గు తంతువునకును, బెర్లిను రాగి లెక్కకును నడుమ జరిగిన పాత తగవును మన ఇంటి ప్లగ్గువద్ద మనమే తీర్చవలసి యున్నది. అందులకు ఇంజనీరు కానక్కరలేదు. పరికరమును త్రిప్పి, దాని రేకుపై వోల్టులు, సైకిళ్లు, వాట్లు అను మూడు అంకెలను చదువవలెను. మన 230కిని 50కిని అవి సరిపడినవా అని చూడవలెను. సరిపడకున్నచో తగిన ట్రాన్స్‌ఫార్మరు దొరకువరకు, దొరకకున్నచో ఎన్నటికిని, ఆ వస్తువును ప్లగ్గునకు దూరముగా ఉంచవలెను. ఎంత దూరమునుండి ప్రేమతో తెచ్చినదైనను, సరిపడని వస్తువును అలమరలో ఉంచుటయే అందరికిని క్షేమము.